అప్‌గ్రేడ్ అంటే భయపడే చోట స్వేచ్ఛ ఎక్కడిది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. అప్పటి నుంచి శ్రీకాకుళంలో నాకు తెలిసిన చిన్న వ్యాపారులు, ట్యూషన్ సెంటర్ల వాళ్లు, డీటీపీ దుకాణాల వాళ్లు కనబడితే చాలు, అదే అడుగుతున్నారు. "మా సిస్టంలో ఏదో చిప్ లేదట, విండోస్ 11 ఎక్కదట. లినక్స్ వేస్తే నడుస్తుందా?" నడుస్తుంది. విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా చిప్ లేకపోయినా, నాలుగు జీబీల ర్యామే ఉన్నా నడుస్తుంది. కానీ ఆ ఒక్క మాట చెప్పి పంపేయడానికి నాకు మనసొప్పదు. విండోస్‌కు బదులు వాడుకోగల స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం లినక్స్. దాన్ని వేయడం ఒక పూట పని. రెండేళ్లకో మూడేళ్లకో దాని మీదికి కొత్త విడుదల తెచ్చుకోవాల్సిన రోజున ఏమవుతుందన్నదే వాళ్లు అడగవలసిన ప్రశ్న.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి మన కాలేజీల్లో జరిగే సభలకు నేను వెళ్తుంటాను. సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు అని చెబుతారు. ఆ హక్కులంటే నాకు ఎంతో గౌరవం. అవి లేకపోతే ఈ వ్యాసంలో చెప్పబోయే పని ఏదీ సాధ్యమయ్యేది కాదు. అయితే పలాసలో జీడిపప్పు యూనిట్ లెక్కలు చూసే గుమాస్తా సోర్స్ కోడ్ తెరవరు. తెరవవలసిన అవసరమూ ఆయనకు లేదు. ఆయన స్వేచ్ఛ ఎంతో తేలేది అప్‌గ్రేడ్ రోజున. "ముట్టుకుంటే పోతుందేమో, ఉన్నదాన్ని ఉండనీ" అని పాత విడుదల మీదే ఉండిపోతే, భద్రతా సవరణలు ఆగిపోయినా కదలలేకపోతే, ఆయన కంప్యూటర్‌లో ఉన్నది ఏ లైసెన్సు కింద వచ్చిన సాఫ్ట్‌వేర్ అయినా ఆయన బందీయే. అందుకే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంను నేను దాని డెస్క్‌టాప్ అందాన్ని బట్టి కొలవను. పాత విడుదల నుంచి కొత్తదానికి మనిషిని ఎంత భద్రంగా చేరుస్తుందో చూస్తాను. ఆ భద్రతంతా ప్యాకేజీల నాణ్యతలో ఉంటుంది. ప్యాకేజీ అంటే ఒక ప్రోగ్రాం ఫైళ్లను, వాటిని ఎక్కించే సూచనలను కలిపి కట్టిన కట్ట. దాని గురించి తెలుగులో మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను చూసుకునే కంప్యూటర్లలో ఎక్కువ భాగం డెబియన్ మీద నడుస్తాయి. లినక్స్‌ను, దాని మీద నడిచే ప్రోగ్రాములను కలిపి ఇచ్చే ఒక పంపిణీ ఇది. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. దాని వెనుక కంపెనీ లేదు, ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ విడుదల ట్రిక్సీలో 69 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. ఎవరెవరో, ఎక్కడెక్కడో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రాసిన ప్రోగ్రాములు ఇవన్నీ. వాటిని ఒకచోటికి తెచ్చి, ఒకే క్రమశిక్షణలో పెట్టి, నడుస్తున్న యంత్రం మీద పాతవాటి స్థానంలో కొత్తవి పెట్టడమంటే, కాపురం ఉన్న ఇంటికి కప్పు మార్చడమే. లోపలి మనుషులు తడవకూడదు, సామాను చెదరకూడదు.

ఈ క్రమశిక్షణ ఎలా ఉంటుందో పలాసలోని ఆ యూనిట్‌లో జరిగిన ఒక చిన్న సంగతితో చెబుతాను. అక్కడ ఆఫీసు గదిలో ఒక మూల సర్వర్‌గా వాడే మామూలు కంప్యూటర్ ఉంది. ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాల పిక్కలు కొన్నారు (పలాసలో పిక్కల బస్తా అంటే 80 కిలోలు), ఎన్ని బాయిలింగ్‌కు వెళ్లాయి, ఎంత గుండు (విరగని పప్పు) వచ్చింది, ఎంత బద్ద వచ్చింది, డబ్ల్యూ 240 గ్రేడు ఎన్ని డబ్బాలు, డబ్ల్యూ 320 ఎన్ని డబ్బాలు, ఇవన్నీ అందులోకి ఎక్కుతాయి. ఆఫీసులోని మిగతా కంప్యూటర్లకు, లేబుల్ ప్రింటర్‌కు నెట్‌వర్క్ చిరునామాలు ఇచ్చేదీ అదే. ఆ పని చేసే ప్రోగ్రాం డీఎన్ఎస్‌మాస్క్. ప్రింటర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా అందాలని దాని సెట్టింగుల ఫైలులో నేను ఒక వరుస రాసి పెట్టాను.

ఆ యంత్రానికి డెబియన్ 11 నుంచి 12కు అప్‌గ్రేడ్ నడుస్తుండగా తెర మీద వరుసలు చకచకా జారిపోతూ ఒక్కసారి ఆగాయి. ఈ ఫైలు మొదట పెట్టినప్పటి రూపంలో లేదు, మీరు గానీ ఏదైనా స్క్రిప్టు గానీ మార్చి ఉండాలి, ప్యాకేజీ తయారుచేసినవాళ్లు కూడా కొత్త రూపం పంపారు, ఏం చేయమంటారు అని అడిగింది. కొత్తది పెట్టుకోవచ్చు, ఉన్నది ఉంచుకోవచ్చు, రెండింటి తేడా చూడవచ్చు, పక్కన ఒక షెల్ (ఆదేశాలు టైపు చేసే తెర) తెరిచి పరిశీలించి రావచ్చు. ఏమీ ఎంచుకోకుండా ఎంటర్ నొక్కితే మన ఫైలే ఉంటుంది. పక్కనే కూర్చున్న యజమాని కంగారుపడ్డారు. "ఏమైంది బాబూ, ఆగిపోయిందా?" అన్నారు. "లేదండీ, మన ప్రింటర్ సంగతి మనల్ని అడుగుతోంది" అన్నాను. తేడా చూశాను. కొత్త ఫైలులో కొన్ని వివరణ వరుసలు చేరాయి, అంతే. మన వరుస అలాగే ఉంచాను. కొత్త రూపం కూడా పక్కన వేరే పేరుతో భద్రంగా ఉంది, తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి.

ఈ ఒక్క ప్రశ్న వెనుక ఉన్న ఆలోచన చూడండి. ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ ఆ ఫైలు తాలూకు మూడు రూపాలను పోల్చుకుంటుంది. పాత ప్యాకేజీతో వచ్చినది, ఇప్పుడు డిస్కు మీద ఉన్నది, కొత్త ప్యాకేజీతో వస్తున్నది. మనం ముట్టుకోకపోతే ఏమీ అడగకుండా కొత్తది పెడుతుంది. మనం మార్చినా, వాళ్లు మార్చకపోతే ఏమీ అడగకుండా మనదే ఉంచుతుంది. ఇద్దరమూ మార్చినప్పుడే అడుగుతుంది. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. అలాంటి ఫైలును మనం కావాలని తీసేసి ఉంటే, అప్‌గ్రేడ్‌లో దాన్ని మళ్లీ తెచ్చి పెట్టదు. తీసేయడం కూడా యజమాని నిర్ణయమే అని ఒప్పుకుంటుంది. డెబియన్ విధాన గ్రంథంలో ఇది సలహాగా లేదు, నియమంగా ఉంది. స్థానికంగా చేసుకున్న మార్పులను అప్‌గ్రేడ్ చెడగొట్టకూడదు, అంతే. పలాసలో కూర్చున్న ఒక గుమాస్తా ముఖం ఎన్నడూ చూడని మెయింటెయినర్, అంటే ఆ ప్యాకేజీని చూసుకునే కార్యకర్త, ఆయన లేబుల్ ప్రింటర్‌కు ఇచ్చిన మర్యాద అది.

కరెంటు గురించి చెప్పకుండా మా జిల్లాలో కంప్యూటర్ల గురించి రాయలేను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత పెద్ద విపత్తు అక్కరలేదు. మామూలు ఎండాకాలం మధ్యాహ్నం కూడా అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ముసలిదై ఉంటుంది. అప్పుడేమిటి గతి?

డీపీకేజీ కొత్త ఫైళ్లను నేరుగా పాతవాటి మీద రాయదు. ముందు పక్కన వేరే పేరుతో విప్పి, అవి డిస్కు మీదకు చేరాయని తేల్చుకుని, ఆ తర్వాతే పేరు మారుస్తుంది. ఏ ప్యాకేజీ ఏ దశలో ఉందో తన పట్టికలో ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. ప్యాకేజీతో పాటు వచ్చే చిన్న స్క్రిప్టులు కొన్ని ఉంటాయి. ఎక్కించే ముందు నడిచేవి, తర్వాత నడిచేవి, తీసేసేటప్పుడు నడిచేవి. ఇవి ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండాలని, సగంలో ఆగి మళ్లీ మొదటి నుంచి నడిచినా నష్టం జరగకూడదని విధాన గ్రంథం చెబుతుంది. కరెంటు వచ్చాక మిగిలిన ప్యాకేజీల అమరిక పూర్తిచేయమని ఒక్క ఆదేశం ఇస్తే, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంటుంది. అన్నివేళలా ఇంత సాఫీగా పోతుందని హామీ ఇవ్వను, డిస్కే పాడైతే ఎవరూ ఏమీ చేయలేరు. కానీ ఈ నియమం రాసినవాళ్ల మనసులో నిరంతరం కరెంటు ఉండే డేటా సెంటర్ ఒక్కటే లేదు. అది మాలాంటి ఊళ్లకు ఎంత మేలో చెప్పలేను.

ఇక లెక్కల డేటాబేస్ సంగతి. దాన్ని నడిపే ప్రోగ్రాం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. దాని పెద్ద వెర్షన్ మారితే పాత డేటా ఫైళ్లను కొత్త ప్రోగ్రాం నేరుగా తెరవలేదు. అది ఆ ప్రోగ్రాం తీరు. నిర్లక్ష్యంగా చేసిన ప్యాకేజీ అయితే పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టి ఊరుకుంటుంది. మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి లెక్కలు కనబడవు. డెబియన్‌లో అలా జరగదు. 11వ విడుదలలో ఉన్న 13వ వెర్షన్, 12వ విడుదలలో వచ్చిన 15వ వెర్షన్ ఒకే యంత్రం మీద పక్కపక్కన ఉండగలిగేలా ప్యాకేజీలను విడగొట్టారు. అప్‌గ్రేడ్ అయ్యాక కూడా పాతది తన డేటాతో, తన పోర్టు (ఇతర ప్రోగ్రాములు దాన్ని చేరుకునే ద్వారం సంఖ్య) మీద, ఏమీ జరగనట్టే నడుస్తుంది. కొత్తది ఖాళీగా మరో పోర్టు మీద ఎదురుచూస్తుంది. మనకు వీలు చిక్కినప్పుడు, బ్యాకప్ తీసుకున్నాక, దాని కోసమే రాసిన సాధనంతో డేటాను కొత్తదానికి తరలిస్తాం. తరలించాక కూడా పాత డేటా చెరిగిపోదు. మనం స్వయంగా తీసేయమనే వరకు ఉంటుంది. పలాసలో ఆ రోజు అప్‌గ్రేడ్ మధ్యాహ్నం ముగిసింది, డేటాబేస్ మాత్రం ఆ వారం ఆఖరున, రైతులకు చెల్లింపులు అయిపోయాక మార్చాను. ఎప్పుడు మార్చాలన్నది సాఫ్ట్‌వేర్ నిర్ణయించలేదు, జీడిపిక్కల సీజన్ నిర్ణయించింది.

ఇంత పని ఎవరికీ కనబడదు. కొత్త వాల్‌పేపర్ వస్తే దాని మీద వీడియోలు వస్తాయి. పాత పేరున్న ప్యాకేజీని కొత్త పేరు దగ్గరికి చేర్చే ఖాళీ ప్యాకేజీ మీద ఎవరు వీడియో తీస్తారు? తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి ఒకప్పుడు ఒక పేరు ఉండేది. ఫాంట్లన్నింటికీ ఒకే పద్ధతిలో పేర్లు పెట్టాలని నిర్ణయించినప్పుడు అది మారింది. పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని కొంతకాలం ఉంచారు. దాని పనల్లా అప్‌గ్రేడ్‌లో కొత్తదాన్ని వెంట తీసుకురావడమే. అలా చేయకపోతే పోతన ఫాంటుతో ఉత్తరాలు రాసుకునే మనిషికి ఒక రోజు పొద్దున అక్షరాల రూపం మారిపోయి ఉండేది, ఎందుకో తెలిసేది కాదు. (డీటీపీ దుకాణాల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసే పని వేరే సంగతి. అది యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఒక్క యంత్రాన్ని విండోస్ మీదే ఉంచుకోమని నేనే చెబుతాను. పని మానుకుని లినక్స్ వాడమనడం న్యాయం కాదు.)

సాఫీగా జరిగిన అప్‌గ్రేడ్ అదృష్టం కాదు, దాని వెనుక పరీక్షల వరుస ఉంది. కొత్త ప్యాకేజీ మొదట సిడ్ అనే అస్థిర విభాగంలోకి వెళ్తుంది. అక్కడ తీవ్రతను బట్టి రెండు, ఐదు లేదా పది రోజులు ఉండి, విడుదలను అడ్డుకునేంత కొత్త దోషాలు బయటపడకపోతేనే పరీక్షా విభాగానికి మారుతుంది. లింటియన్ అనే ప్రోగ్రాం ప్యాకేజీ నిర్మాణంలో తప్పులు వెతుకుతుంది. పియుపార్ట్స్ అనేది ఖాళీ వ్యవస్థలో ప్యాకేజీని ఎక్కించి, పాతదాని నుంచి కొత్తదానికి మార్చి, పూర్తిగా తీసేసి, ఏ ఫైళ్లు అనాథల్లా మిగిలాయో చూస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి ఫ్రీజ్, అంటే కొత్త మార్పులను ఆపి దోషాలు సరిచేసే కాలం. ట్రిక్సీకి 2025 మార్చి నడుమ మొదలైన ఫ్రీజ్ ఆగస్టు విడుదల దాకా దశలు దశలుగా బిగిసింది. ఈ ఆలస్యాన్ని ఎగతాళి చేసేవాళ్లకు 2024 మార్చి 29 గుర్తు చేస్తాను. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో (లైబ్రరీ అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) ఎవరో దొంగదారి పెట్టిన సంగతిని ఆండ్రెస్ ఫ్రోయింట్ అనే ప్రోగ్రామర్ ఆ రోజు బయటపెట్టారు. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరా తీస్తే దొరికింది. ఆ పాడు వెర్షన్లు డెబియన్ అస్థిర, పరీక్షా విభాగాల దాకా వచ్చాయి. స్థిర విడుదలను తాకలేదు.

డెబియన్‌ను దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. 2006లో, సమాచారాన్ని గుప్తంగా ఉంచే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, ఒక పరీక్షా సాధనం ఇస్తున్న హెచ్చరికలు పోగొట్టడానికి చేసిన చిన్న మార్పు వల్ల యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టే చోటే ఎండిపోయింది. నడుస్తున్న ప్రోగ్రాంకు యంత్రం ఇచ్చే ప్రాసెస్ సంఖ్య తప్ప మరో ఆధారం మిగలలేదు. అది గరిష్ఠంగా 32,768. ఆ కాలంలో ఆ యంత్రాల మీద తయారైన తాళపుచెవులను (గుప్తీకరణకు, లాగిన్‌కు వాడే రహస్య సంఖ్యలను) ఎవరైనా ఊహించగలిగే స్థితి వచ్చింది. 2008 మే 13న ఈ సంగతి ప్రకటించే దాకా దాదాపు రెండేళ్లు ఎవరూ గమనించలేదు. ప్యాకేజీ చేసేవాడు మూల ప్రోగ్రాంను మార్చే ముందు దాన్ని రాసినవాళ్లతో గట్టిగా మాట్లాడుకోవాలని నేర్పిన ఘోరమైన పాఠం అది. అయితే దాని మరమ్మతు వచ్చిన తీరు కూడా గుర్తుపెట్టుకోదగినదే. బలహీనమైన తాళపుచెవుల జాబితా ఒక ప్యాకేజీగా వచ్చింది, సర్వర్ సొంత తాళపుచెవులు బలహీనమైనవైతే వాటిని అప్‌డేటే మళ్లీ తయారుచేసింది. తప్పు ప్రతి యంత్రానికీ ఏ దారిన వెళ్లిందో, దిద్దుబాటు కూడా అదే దారిన వెళ్లింది. ఒకే దారి ఉండటం వల్ల కలిగే ప్రయోజనం అది.

ఆ దారి తప్పించినప్పుడు ఏమవుతుందో లేబుల్ ప్రింటర్ దగ్గర చూశాను. దాన్ని అమ్మిన కంపెనీ పేరు చెప్పను. డెబియన్ ప్యాకేజీ రూపంలోనే డ్రైవర్ ఇచ్చారు. తెరిచి చూస్తే పేరుకే ప్యాకేజీ. ఫైళ్లలో సగం ప్యాకేజీ జాబితాలో లేవు, స్క్రిప్టు నడిచేటప్పుడు ఎక్కడి నుంచో విప్పి వ్యవస్థ డైరెక్టరీలలో పడేస్తోంది. కాబట్టి అవి ఎవరివో డీపీకేజీకి తెలియదు, ప్యాకేజీ తీసేసినా అవి పోవు. ఒక డైరెక్టరీకి ఎవరైనా రాసుకునేలా తలుపులు బార్లా తెరిచి పెట్టింది. పైగా అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 లైబ్రరీ మీద ఆధారపడింది. డెబియన్ 12లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది, 1.1 లేదు. అప్‌గ్రేడ్ అయ్యాక ఆ పాత లైబ్రరీ ఒక్కటే, ఎవరి సంరక్షణా లేకుండా, ఇక ఏ భద్రతా సవరణా రాని స్థితిలో యంత్రంలో మిగిలిపోయింది. తీసేస్తే లేబుళ్లు రావు. కంపెనీకి ఫోను చేస్తే "పాత వెర్షనే వాడండి సార్" అన్నారు. ఒక లేబుల్ ప్రింటర్ కోసం మొత్తం ఆఫీసును పాత విడుదల మీద ఉంచమని వాళ్ల సలహా. చివరికి ఆ డ్రైవర్‌ను తీసేసి, డెబియన్‌లోనే ఉన్న సాధారణ లేబుల్ డ్రైవర్‌తో కాగితం కొలతలు సరిచేసుకుని పని నడిపాం. ఇందులో దురుద్దేశం ఎవరికీ లేదు. ప్యాకేజీ చేయడమంటే ఎక్కించడమే అనుకున్నారు. ఎక్కించడం ఆ పనిలో చాలా చిన్న ముక్క. ఎలా మారుతుంది, ఎలా పోతుంది, మధ్యలో ఏం విరుగుతుంది అన్నవే పెద్దవి.

విజయనగరం ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ గొడవను మరో ద్వారం నుంచి చూస్తారు. డెబియన్ 12 నుంచి పిప్ అనే సాధనంతో పైథాన్ భాష లైబ్రరీలను నేరుగా వ్యవస్థ పైథాన్‌లో వేయబోతే కుదరదని ఆపేస్తుంది. వ్యవస్థతో కలవని వేరే చోటు (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) తయారుచేసుకుని అందులో వేసుకోమంటుంది. ఇది చూసి విసుక్కోని విద్యార్థిని నేను చూడలేదు. వ్యవస్థ ప్యాకేజీలు విరిగినా పరవాలేదు అని ఒప్పుకునే ఒక ఎంపిక దానికి ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు అదే వాడమంటాయి, పిల్లలు అదే వాడుతున్నారు. పిల్లలతో నేను అనేది ఇదే: మీ ప్రాజెక్టు సెమిస్టర్ ఆఖరున ముగుస్తుంది, మీ ల్యాబ్ కంప్యూటర్ ఇంకా ఐదేళ్లు ఉంటుంది. వ్యవస్థలోని సాధనాలు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి. వాటి కింద లైబ్రరీ వెర్షన్ మార్చేస్తే, అప్‌గ్రేడ్ రోజున విరిగేది మీ జూనియర్ల ల్యాబ్. ఆ అడ్డు మీ మీద కోపంతో పెట్టింది కాదు, మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం పెట్టింది.

ప్రతి ప్రోగ్రాంకూ అది అడిగే లైబ్రరీలన్నీ కలిపి ఒక మూటగా ఇచ్చే పద్ధతులు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. ఫ్లాట్‌పాక్, స్నాప్, కంటెయినర్లు. కొత్త వీడియో ఎడిటర్ కావాలంటే నేనూ ఫ్లాట్‌పాక్‌తో తెచ్చుకుంటాను. కానీ పది మూటల్లో పది ప్రతులున్న ఒకే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడితే పదిమంది పది చోట్ల సరిచేయాలి. అందరూ చేశారో లేదో చూసేది ఎవరు? పంపిణీలో ఒక్కచోట సరిచేస్తే సరిపోతుంది. డేటా తక్కువ, నెట్ వేగం తక్కువ ఉన్న మందస, మెళియాపుట్టి లాంటి చోట్ల మూటల బరువు కూడా చిన్న సంగతి కాదు.

"డెబియన్‌లో అన్నీ పాతవే" అన్నది నేను ఎక్కువగా వినే ఫిర్యాదు. ఇందులో కొంత నిజం ఉంది. నిన్న మార్కెట్‌లోకి వచ్చిన ల్యాప్‌టాప్ కొంటే వైఫై పనిచేయడానికి కొత్త కెర్నల్ (యంత్ర భాగాలను నడిపే మూల ప్రోగ్రాం) కావలసి రావచ్చు, స్థిర విడుదల కోసం కొత్త వెర్షన్లను ఉంచే బ్యాక్‌పోర్ట్స్ విభాగం నుంచి తెచ్చుకోవాలి. కానీ పాత వెర్షన్ అంటే వదిలేసిన వెర్షన్ కాదు. లోపం బయటపడితే దిద్దుబాటును మాత్రమే తీసి పాత వెర్షన్‌కు అతికిస్తారు, ప్రోగ్రాం తీరు మార్చరు. అలా కుదరని ఫైర్‌ఫాక్స్ లాంటివాటికి దీర్ఘకాలిక వెర్షన్లనే ఇస్తారు. మూడేళ్ల మద్దతు, ఆపై మరో రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు. జీడిపప్పు లెక్కలు రాసే మనిషికి ప్రతి ఆరు నెలలకూ మెనూ మారకపోవడం లోటు కాదు, సదుపాయం.

నాకు కోపం తెప్పించిన సంగతి కూడా చెప్పాలి. ట్రిక్సీలో తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీని డిస్కు మీద కాకుండా మెమరీలో పెట్టడం మామూలు పద్ధతి చేశారు. గరిష్ఠంగా మెమరీలో సగం దాకా వాడుకుంటుంది. కొత్తగా ఎక్కించేవాళ్లకు మంచిదే కావచ్చు. కానీ పాత విడుదల నుంచి వచ్చిన యంత్రాలకు కూడా రీబూట్ తర్వాత ఇదే వర్తిస్తుంది. నాలుగు జీబీల ర్యాం ఉన్న యంత్రం మీద వంద పేజీల స్కాన్లను కలిపి పీడీఎఫ్ చేసే దుకాణానికి ఇది తేలికైన మార్పు కాదు. విడుదల గమనికల్లో రాశారు, వెనక్కి తిప్పే ఆదేశం కూడా ఇచ్చారు. ఒప్పుకుంటాను. కానీ ఉన్నవాళ్ల యంత్రం తీరును అడగకుండా మార్చకూడదన్న నియమాన్ని సెట్టింగుల ఫైలు విషయంలో అంత పట్టుదలగా పాటించే ప్రాజెక్టు, ఇక్కడ ఎందుకు సడలించిందో నాకు అర్థం కాలేదు. కొత్త యంత్రాలకు కొత్త పద్ధతి, పాతవాటికి పాత పద్ధతి అని విడగొట్టి ఉండవలసింది.

32 బిట్ల పాత కంప్యూటర్ల విషయంలో మాత్రం, బాధ కలిగినా, వాళ్లతో ఏకీభవిస్తాను. జిల్లాలో కొన్ని బడుల్లో దాతలు ఇచ్చిన అలాంటి యంత్రాలు ఇంకా ఉన్నాయి. ట్రిక్సీ నుంచి వాటికి కెర్నల్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు. వాటిని ట్రిక్సీకి అప్‌గ్రేడ్ చేయవద్దని విడుదల గమనికల్లో స్పష్టంగా రాశారు. ఇదే విడుదలలో మిగతా 32 బిట్ల వేదికల (ప్రాసెసర్ రకాల) కోసం ఎంత శ్రమపడ్డారో తెలిస్తే ఈ నిర్ణయం అర్థమవుతుంది. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64 బిట్లకు మార్చడానికి లైబ్రరీలను వందల సంఖ్యలో పేర్లు మార్చి మళ్లీ కట్టారు, అదీ పాతవీ కొత్తవీ కలిసిపోయి ఏదీ విరగకుండా. పాత ఇంటెల్ 32 బిట్ల వేదికను ఆ మార్పు నుంచి మినహాయించారు, ఎందుకంటే దాని మీద మిగిలిన ప్రధాన ఉపయోగం పాత ప్రోగ్రాములను నడపడమే. చేయలేనిది చేయలేమని ముందే చెప్పడం కూడా నాణ్యతలో భాగమే. సగం పనిచేసే అప్‌గ్రేడ్ కన్నా అది ఎంతో మెరుగు.

తర్వాతి విడుదల పేరు ఫోర్కీ. దాని ఫ్రీజ్ మొదలయ్యేనాటికి మా శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల విద్యార్థుల నుంచి నేను ఆశిస్తున్న సాయం ఒకటుంది. ప్రోగ్రాం రాయనక్కరలేదు. మీ ఊళ్లో నిజంగా వాడుతున్న ఒక డెబియన్ యంత్రానికి, యజమాని అనుమతితో, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) నకలు తీయండి. అందులో ఆయన లెక్కల డేటాబేస్, ఆయన తెలుగు ఫాంట్లు, ఆయన లేబుల్ ప్రింటర్ సెట్టింగులు అన్నీ ఉండాలి. ఆ నకలును ఫోర్కీకి అప్‌గ్రేడ్ చేయండి. డెబియన్ దోషాల పట్టికలో అప్‌గ్రేడ్ నివేదికల కోసమే ఒక విభాగం ఉంది. సాఫీగా జరిగినా రాయండి, విరిగినా రాయండి. అప్‌గ్రేడ్ నడిపే సాధనం ఆప్ట్. దాని లాగ్ డైరెక్టరీలో తెర మీద కనబడినదంతా నమోదయ్యే ఫైలు ఉంటుంది, దాన్ని జతచేయండి. అప్‌గ్రేడ్‌కు ముందున్న ప్యాకేజీల జాబితా, బయటి నుంచి తెచ్చుకున్న ప్యాకేజీలు ఏవో, ఏ సెట్టింగుల ఫైలు దగ్గర ఆగి ఏమడిగిందో కూడా రాయండి. జతచేసే ముందు ఆ లాగ్‌లో ఎవరి పేరుగానీ పాస్‌వర్డ్ గానీ లేదని చూసుకోండి. ఫ్రీజ్ మొదట్లో పంపిన నివేదికకు దిద్దుబాటు దొరుకుతుంది, విడుదల అయ్యాక పంపితే ఆ దిద్దుబాటు రెండేళ్లు ఆలస్యం కావచ్చు. నకలు తీయడంలో సాయం కావాలంటే పలాస, టెక్కలి, చీపురుపల్లి, రాజాం, ఎక్కడికైనా వస్తాను.